ఓవెన్‌లో చిలగడదుంప: కోయకుండా కాల్చాలా, ముక్కలు చేయాలా, ఫాయిల్ చుట్టాలా?

చిలగడదుంపను ఓవెన్‌లో కాల్చడం పెద్ద విద్యేమీ కాదు. కడిగి, ట్రేలో పెట్టి, మీట తిప్పితే ఎప్పుడో ఒకప్పుడు మగ్గుతుంది. చిక్కల్లా చెప్పేవాళ్లు ఎక్కువ కావడమే. ఒకరు 220 డిగ్రీలు అంటారు, ఇంకొకరు 180 చాలంటారు. ఫాయిల్ చుట్టకపోతే ఎండిపోతుందని ఒకరు, చుడితే రుచి పోతుందని మరొకరు. విచిత్రమేమిటంటే, వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఎవరి దుంపకు తగిన పద్ధతి వాళ్లు చెబుతున్నారు, అంతే. అమెరికాలో దొరికే నారింజ రంగు తడి దుంపకు రాసిన కొలతలను మన సంతలో దొరికే ఎర్ర తొక్క, తెల్ల గుజ్జు దుంపకు ఉన్నవి ఉన్నట్టు వాడితే చివరికి గొంతుకు అడ్డం పడే పిండిముద్ద మిగులుతుంది.

అందుకే ఇక్కడ ముందు దుంపను చూసి, తర్వాతే వేడి గురించి మాట్లాడుకుందాం. ఈ వ్యాసంలోని వేడి కొలతలన్నీ సెంటిగ్రేడ్‌లోనే ఉన్నాయి.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి?

అన్నిటికన్నా ముందు తీపి. పచ్చి చిలగడదుంపలో ఉండే చక్కెర కొంతే. మనం తినేటప్పుడు తెలిసే తీపిలో చాలా భాగం వండేటప్పుడు పుట్టేదే. దుంపలో బీటా అమైలేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. లోపలి వేడి 60 డిగ్రీలు దాటుతున్నప్పుడు పిండి రేణువులు నీరు పీల్చుకుని ఉబ్బడం మొదలుపెడతాయి. అప్పుడు ఈ ఎంజైమ్ వాటిని మాల్టోజ్ అనే చక్కెరగా విడగొడుతుంది. వేడి 80 డిగ్రీల దగ్గరకు వచ్చేసరికి ఎంజైమే చచ్చుబడిపోతుంది, తీపి తయారీ ఆగిపోతుంది. ఈ రెండింటి మధ్య దుంప ఎంత సేపు గడిపితే అంత తియ్యన. జపాన్‌లో వేడి గులకరాళ్ల మధ్య నిదానంగా కాల్చి అమ్మే యాకి ఇమో అంత తియ్యగా ఉండటానికి వాళ్ల రకాలతో పాటు ఈ నిదానం కూడా కారణమే. మైక్రోవేవ్‌లో వండిన దుంప చప్పగా అనిపించేది కూడా ఇందుకే. అక్కడ ఈ దశ రెండు మూడు నిమిషాల్లో దాటిపోతుంది.

రెండోది తేమ. ఓవెన్‌లోని పొడి వేడి దుంపలోని నీటిని లాగేస్తుంది. నీరు ఎక్కువున్న రకానికి ఇది మేలు, రుచి చిక్కబడుతుంది. పొడి రకానికి ఇదే శాపం.

మూడోది సమయం, కరెంటు. 1500 వాట్ల ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్ కలిసిన చిన్న కరెంటు ఓవెన్) గంటసేపు ఆగకుండా మండితే ఒకటిన్నర యూనిట్ ఖర్చవుతుంది. థర్మోస్టాట్ మధ్యమధ్యలో రాడ్లను ఆపుతుంది కాబట్టి నిజంగా అయ్యేది అంతకంటే తక్కువే. అయినా ఒక్క దుంప కోసం గంటంబావు ఓవెన్ వెలిగించడం దండగ. అరడజను దుంపలకైతే న్యాయం.

తినేవారిలో మధుమేహం ఉన్నవారున్నారా అనేది కూడా లెక్కలోకి వస్తుంది. ఆ మాట చివర్లో.

## ముందు దుంప సంగతి

తెలంగాణలో కందగడ్డ, రాయలసీమలో గెనుసుగడ్డ అని పిలిచే ఈ దుంప మన మార్కెట్లలో ఎక్కువగా ఎర్ర తొక్కతో, తెలుపు లేదా లేత పసుపు గుజ్జుతో వస్తుంది. పిండి ఎక్కువ, నీరు తక్కువ. ఉడికితే కాస్త పొడిపొడిగా, వేయించిన పల్లీల వాసనతో ఉంటుంది. ఓవెన్‌లో ఎండిపోయే ప్రమాదం దీనికే ఎక్కువ.

నారింజ గుజ్జు రకం మెత్తన, తడి. అమెరికాలో ఉండేవారికి దుకాణంలో ఎదురయ్యేది ఇదే. లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయం 1987లో విడుదల చేసిన బోరిగార్డ్ వంటి రకాలు దీనికి ఉదాహరణ. అక్కడ కొన్నిచోట్ల దీని మీద ‘యామ్’ అని చీటీ ఉంటుంది, కంగారు పడక్కర్లేదు, అదీ చిలగడదుంపే. మన దేశంలోనూ ఈ రంగు దుంపలున్నాయి. తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ తెచ్చిన భూ సోనా రకంలో 100 గ్రాములకు 14 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఏగా మారే పదార్థం) ఉంటుంది. మామూలు తెల్ల దుంపలో ఇది నామమాత్రం. ఆ సంస్థే తెచ్చిన భూ కృష్ణ అనే ఊదా రకమూ ఉంది. ఇవి వారపు సంతలో సులభంగా కనిపించవు గానీ, కనిపిస్తే వదలకండి. ఆఫ్రికాలో విటమిన్ ఏ లోపాన్ని తగ్గించేందుకు నారింజ దుంపను ప్రచారంలోకి తెచ్చిన శాస్త్రవేత్తలకు 2016లో ప్రపంచ ఆహార బహుమతి దక్కింది.

ఊదా తొక్క, లేత పసుపు గుజ్జుతో ఉండే జపాన్ రకం విదేశాల్లోని తెలుగువారికి తేలిగ్గా దొరుకుతుంది. మన తెల్ల దుంప మీద మనసుపడ్డవారికి రుచిలో దగ్గరగా ఉండేది అదే, తీపి మాత్రం ఇంకా ఎక్కువ.

రకం ఏదైనా, అప్పుడే తవ్విన దుంప అంత తియ్యగా ఉండదు. విదేశాల్లో పెద్ద రైతులు తవ్విన దుంపను కొన్ని రోజులు సుమారు 29 డిగ్రీల వేడిలో, గాలిలో తేమ ఎక్కువగా ఉంచి మాగబెడతారు. గాయాలు మాని, తొక్క గట్టిపడి, తీపి పెరిగాక అమ్ముతారు. మన దగ్గర పొలం నుంచి నేరుగా బండి మీదికే వస్తుంది. మట్టి దులిపి, కడగకుండా, గాలి ఆడే బుట్టలో నీడన ఒక వారం పది రోజులు ఉంచితే తేడా నాలుకకే తెలుస్తుంది. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. సుమారు 12 డిగ్రీల కంటే చల్లటి చోట ఈ దుంప దెబ్బతింటుంది, ఎంత కాల్చినా నడిమధ్య గట్టి ముద్దలా ఉండిపోతుంది.

కొనేటప్పుడు లావుగా ఉన్నవాటికంటే సన్నగా, పొడవుగా, ఒకే మందంలో ఉన్నవి ఏరుకోండి. 150 నుంచి 250 గ్రాములవి ఓవెన్‌కు సరిపోతాయి. తొక్క మీద చిన్న నల్లటి రంధ్రాలుంటే అది ముక్కు పురుగు పని. అలాంటి దుంపలో చేదు పదార్థాలు పుడతాయి, ఆ చేదు, పురుగు తిన్నచోటే ఆగదు. అది కోసి పారేసి మిగతాది వాడదామనుకోవద్దు.

## పద్ధతి ఒకటి: కోయకుండా, ఫాయిల్ లేకుండా

తీపి విషయంలో దీనికి సాటి లేదు. నారింజ దుంపకూ జపాన్ దుంపకూ ఇదే నా మొదటి ఎంపిక.

ఓవెన్‌ను ముందుగా వేడిచేయకండి. చాలా వంటల్లో ప్రీహీట్ తప్పనిసరి గానీ ఇక్కడ అది తీపిని దొంగిలిస్తుంది. దుంపలను బాగా రుద్ది కడిగి, తుడిచి, నాలుగైదు చోట్ల ఫోర్కుతో గుచ్చి, చల్లటి ఓవెన్‌లోనే పెట్టాలి. 150 డిగ్రీల దగ్గర 45 నిమిషాలు, తర్వాత 200కి పెంచి మరో 30 నుంచి 40 నిమిషాలు. మొదటి దశలో చక్కెర తయారవుతుంది, రెండో దశలో ఆ చక్కెర కారి తొక్క కింద పాకమవుతుంది. ఆ వాసన వంటింటి నుంచి వీధి గుమ్మం దాకా వస్తుంది.

ఆ కారే పాకం ట్రే మీద పడి మాడి, గీకినా రాకుండా అంటుకుపోతుంది. అందుకని దుంపలను జాలీ మీద పెట్టి, కింది అరలో బేకింగ్ పేపరో ఫాయిలో పరిచిన ట్రే ఉంచండి. ట్రే మీదే నేరుగా పెట్టేట్టయితే సగంలో ఒకసారి తిప్పాలి, లేదంటే అడుగు మాడుతుంది.

సమయం లేనివారు 200 డిగ్రీల దగ్గరే మొదలుపెట్టి 45 నుంచి 60 నిమిషాల్లో ముగించవచ్చు. తీపి కొంత తగ్గుతుంది, తినలేనంతగా ఏమీ కాదు.

మన తెల్ల దుంపకు ఈ పద్ధతిని ఉన్నదున్నట్టు వాడటం నాకు ఇష్టం లేదు. గంటకు పైగా పొడి వేడిలో ఉంటే కొసలు బిస్కెట్టులా గట్టిపడతాయి, గుజ్జు నోట్లో అతుక్కుంటుంది. దానికి కిందిదే దారి.

## పద్ధతి రెండు: కోయకుండా, ఫాయిల్ చుట్టి

వంట నిపుణులు చాలామంది ఫాయిల్‌ను తీసిపారేస్తారు. అది కాల్చడం కాదు, ఆవిరి పట్టడం అంటారు. నిజమే. నీరున్న నారింజ దుంపను ఫాయిల్‌లో చుడితే తొక్క చివికి, గుజ్జు చితికి నీళ్లోడుతుంది. అదే మాట మన తెల్ల దుంపకు వర్తించదు. దానికి లేనిదే నీరు, ఉన్న కొంచెమూ బయటికి పోకుండా ఫాయిల్ ఆపుతుంది.

అందుకే రెండింటినీ కలిపి చేయడం మేలు. కడిగిన దుంపను తుడవకుండా ఆ తడితోనే ఫాయిల్‌లో బిగుతుగా చుట్టి, చల్లటి ఓవెన్‌లో పెట్టి 160 డిగ్రీల దగ్గర 50 నిమిషాలు ఉంచండి. తర్వాత ఫాయిల్ విప్పి, తొక్కకు కాస్త నెయ్యి రాసి, 200 దగ్గర మరో 15 నుంచి 20 నిమిషాలు. లోపల తడి నిలుస్తుంది, పైన కాలిన రుచీ వస్తుంది. విప్పేటప్పుడు ముఖం దూరంగా పెట్టుకోండి, ఆవిరి ఒక్కసారిగా ఎగదన్నుతుంది.

ఫాయిల్ మెరిసే వైపు లోపలికా బయటికా అనే చర్చ మీ ఇంట్లో వస్తే అక్కడే తేల్చేయండి: రెండూ ఒకటే. నిమ్మరసం, చింతపండు వంటి పులుపు మాత్రం ఫాయిల్‌లో ఉండగా పూయవద్దు, అల్యూమినియంతో చర్య జరుపుతుంది. పులుపు ఏదైనా వడ్డించేటప్పుడే.

## పద్ధతి మూడు: నిలువుగా చీల్చి బోర్లించడం

పని దినం సాయంత్రానికి ఇది సరైన మధ్యే మార్గం. దుంపను నిలువుగా రెండు బద్దలు చేసి, కోసిన వైపు నూనె రాసి, బేకింగ్ పేపర్ పరిచిన ట్రేలో ఆ వైపు కిందికి వచ్చేలా బోర్లించాలి. 200 డిగ్రీల దగ్గర 30 నుంచి 35 నిమిషాలు. తొక్క పైన మూతలా ఉంటుంది కనుక లోపలి తేమ నిలుస్తుంది, కింద ట్రేకు తగిలిన ముఖం బంగారు రంగుకు తిరుగుతుంది.

బోర్లించడం ముఖ్యం. వెల్లకిలా పెడితే పై ముఖం ఎండి చర్మం కట్టినట్టు అవుతుంది. తెల్ల దుంపకైనా నారింజకైనా ఒకేలా కుదిరే పద్ధతి ఇదొక్కటే. ఏ దుంపో తెలియకుండా తెచ్చుకున్నవారు ఇక్కడే ఆగవచ్చు.

## పద్ధతి నాలుగు: ముక్కలు

కూరకు బదులుగానో సాయంత్రం చిరుతిండిగానో కావాలనుకునేవారికి ఇది. తీపి తక్కువ, కారం మసాలాకు చోటు ఎక్కువ. రెండు సెంటీమీటర్ల ముక్కలు కోసి, కోసినచోట కారే పాలు, పిండి పోయేలా నీళ్లలో కాసేపు ఉంచి, బట్టతో బాగా తుడిచి, అరకిలోకు రెండు చెంచాల నూనె పట్టించాలి. ఈ పద్ధతికి మాత్రం ఓవెన్ ముందే వేడిగా ఉండాలి. నారింజ దుంపకు 220, తెల్లదానికి 200 డిగ్రీలు, 25 నుంచి 30 నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పడం.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ట్రే నింపేయడం. ముక్క ముక్కకూ మధ్య ఎడం లేకపోతే ఒకదాని ఆవిరికి ఇంకొకటి ఉడుకుతుంది, ఎర్రబడదు. చిన్న ఓటీజీ ట్రేలో అరకిలోకు మించి వేయకండి. ఉప్పు, మిరియాలు మొదటే వేయవచ్చు గానీ కారప్పొడి, వెల్లుల్లి సగం కాలాక వేయాలి, లేకపోతే చేదెక్కుతాయి. ధనియాల పొడి, వేయించిన జీలకర్ర పొడి, దించాక పిండిన నిమ్మరసం ఈ తీపికి బాగా నప్పుతాయి. ఇంట్లో మిగిలిన కందిపొడి చల్లినా బాగుంటుంది.

బంగాళాదుంప ఫ్రైస్ లాగా కరకరలాడాలని ఆశపడితే మాత్రం ఓవెన్‌ను నమ్ముకోవద్దు. ముక్క గట్టిపడక ముందే చిలగడదుంపలోని చక్కెర రంగు తేల్చేస్తుంది. కరకర వచ్చేదాకా ఉంచితే నలుపు వస్తుంది. పిండి పదార్థాలు 120 డిగ్రీలు దాటిన పొడి వేడిలో బాగా నల్లబడితే అక్రిలమైడ్ అనే పదార్థం పెరుగుతుంది, కాబట్టి బంగారు రంగు దగ్గరే దించడం రుచికీ మంచిది, ఒంటికీ మంచిది.

## పద్ధతి ఐదు: సగం మైక్రోవేవ్, సగం ఓవెన్

ఆకలి ఆగనివారి కోసం. దుంపను తప్పనిసరిగా ఐదారు చోట్ల గుచ్చి (గుచ్చకపోతే ఆవిరికి చిట్లే ప్రమాదం మైక్రోవేవ్‌లోనే ఎక్కువ), తడి కాగితపు రుమాలులో చుట్టి నాలుగు నిమిషాలు మైక్రోవేవ్ చేసి, తర్వాత 220 డిగ్రీల ఓవెన్‌లో 15 నుంచి 20 నిమిషాలు. అరగంటలోపు పళ్లెంలోకి వస్తుంది. పైకి చూస్తే కాల్చిన దుంపే, కొరికితే తీపి సగమే. సహజంగా తియ్యటి జపాన్ రకానికి ఈ నష్టం పెద్దగా తెలియదు. తెల్ల దుంపకు తెలుస్తుంది, బాగా తెలుస్తుంది.

## ఒక్క చూపులో

| పద్ధతి | వేడి, సమయం | తీపి | గుజ్జు | ఏ దుంపకు |
|---|---|---|---|---|
| కోయకుండా, ఫాయిల్ లేకుండా | 150లో 45 నిమిషాలు, 200లో 30–40 | అన్నిటికన్నా ఎక్కువ | చిక్కగా, పాకంతో | నారింజ, జపాన్ |
| కోయకుండా, ఫాయిల్‌తో, చివర విప్పి | 160లో 50 నిమిషాలు, 200లో 15–20 | ఎక్కువ | తడిగా, మెత్తగా | మన తెల్ల దుంప |
| చీల్చి బోర్లించి | 200లో 30–35 నిమిషాలు | మధ్యస్థం | మెత్తన, ఒక వైపు ఎర్రగా | ఏదైనా |
| ముక్కలు | 200–220లో 25–30 నిమిషాలు | తక్కువ | అంచులు గట్టి, లోపల మెత్తన | నారింజ మేలు |
| మైక్రోవేవ్, ఆపై ఓవెన్ | 4 నిమిషాలు, 220లో 15–20 | తక్కువ | పిండిగా | జపాన్ రకం |

సమయాలన్నీ 200 గ్రాముల దరిదాపు దుంపకు. లావు దుంపకు బరువు కంటే మందమే లెక్క. సన్నటి చాకు నడిమధ్యకు వెన్నలోకి దిగినట్టు దిగాలి. వంట థర్మామీటర్ ఉంటే లోపల 96 నుంచి 99 డిగ్రీల మధ్య చూపినప్పుడు దించండి.

## అసలు ఓవెనే ఎందుకు?

న్యాయమైన ప్రశ్న. శివరాత్రి ఉపవాసానికి మన ఇళ్లలో చిలగడదుంప ఉడికించేది గిన్నెలోనో కుక్కర్‌లోనో. గ్యాస్ ఖర్చు తక్కువ, పావుగంటలో పని అయిపోతుంది, గుజ్జు తడిగా ఉంటుంది. పండుగ పూట పదిమందికి కావాలంటే దాన్ని మించింది లేదు. పోయేదేమిటంటే, దుంప రుచి కొంత నీళ్లలో కలుస్తుంది, కాలిన వాసన అసలే ఉండదు.

పొయ్యిలో నివురుగప్పిన నిప్పుల కింద పాతిపెట్టిన దుంపకు ఓవెన్ ఎప్పటికీ సమానం కాదు. పొగ రుచి ఒకటి, బూడిద కింది నిదానమైన వేడి ఒకటి. ఇప్పటికీ కట్టెల పొయ్యి ఉన్నవారికి ఈ వ్యాసంతో పనిలేదు. ఫ్లాటులో ఉండేవారు గ్యాస్ మంట మీద జాలీ పెట్టి కాలుస్తుంటారు. తొక్క మాడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. అంతకంటే కుక్కర్‌లో ఉడికించి, చివర్లో మంట మీద ఒక నిమిషం తిప్పడం నయం.

అసలు పోటీ ఎయిర్ ఫ్రయ్యర్‌తోనే. ఒకటి రెండు దుంపలకు అదే గెలుస్తుంది. 180 డిగ్రీల దగ్గర 35 నుంచి 45 నిమిషాలు, కరెంటు ఒక యూనిట్ దాటదు, చిన్న గదిలో గాలి వేగంగా తిరగడం వల్ల తొక్క బాగా కాలుతుంది. అదే గాలి తెల్ల దుంపను ఇంకా త్వరగా ఎండగొడుతుంది కాబట్టి దానికి మొదటి 25 నిమిషాలు ఫాయిల్ తప్పదు. నాలుగు దుంపలు దాటితే బుట్టలో చోటు చాలదు, అప్పుడు ఓవెనే దిక్కు.

## మీ ఇంటికి ఏది?

ఒంటరిగా ఉండి ఓటీజీ కొనాలా అని ఆలోచిస్తున్నవారు చిలగడదుంప కోసమైతే కొనకండి. చిన్న ఎయిర్ ఫ్రయ్యర్ గానీ, కుక్కర్ గానీ చాలు. ఇంట్లో ఇప్పటికే ఓటీజీ ఉండి, కేకులకే తప్ప వాడనివారికి మాత్రం ఇది దాన్ని వారానికోసారి వెలిగించడానికి మంచి సాకు. ఒకేసారి ఆరు దుంపలు కాల్చి పెట్టుకుంటే కరెంటు లెక్క కూడా సరిపోతుంది.

పిల్లల కోసం చేసేవారికి నా సలహా నిదానంగా కాల్చిన నారింజ దుంప. చక్కెర కలపకుండానే తియ్యగా ఉంటుంది, బీటా కెరోటిన్ ఒంటికి పట్టడానికి కొవ్వు కావాలి కనుక చెంచాడు నెయ్యి వేసి మెదిపి పెట్టండి. బాగా చిన్నపిల్లలకు పొడిగా ఉండే తెల్ల దుంప ముక్కలుగా ఇవ్వవద్దు, గొంతులో పట్టేస్తుంది. పాలతోనో పెరుగుతోనో పలచగా మెదపాలి.

మధుమేహం ఉన్నవారు ఈ వ్యాసంలో నేను పొగిడిన పద్ధతినే అనుమానంగా చూడాలి. తీపి పెరిగిందంటే పిండి చక్కెరగా మారిందనే. జమైకాలో పది రకాల చిలగడదుంపల మీద చేసి 2011లో ప్రచురించిన పరిశోధనలో, ఉడికించినవాటి గ్లైసీమిక్ సూచిక (తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే అంకె) 41 నుంచి 50 మధ్య ఉంటే, కాల్చినవాటిది దాదాపు 80 నుంచి 94 దాకా వెళ్లింది. ఒకే దుంపకు వండే తీరును బట్టి ఇంత తేడా. చిలగడదుంప మధుమేహానికి మంచిదని విని ఓవెన్‌లో గంటసేపు కాల్చి నిండుగా తినేవారు ఈ అంకెలు గుర్తుంచుకోవాలి. వారికి ఉడికించినదే దారి. కాల్చినది తినాలనిపిస్తే నాలుగు ముక్కలు, అదీ పప్పో పెరుగో ఉన్న భోజనంలో భాగంగా, వైద్యులు చెప్పిన పరిమితిలో.

విదేశాల్లోని పెద్ద ఓవెన్ ఉన్నవారికి అంతా సుఖమే గానీ, ఒక మాట. అక్కడి ఫ్యాన్ ఓవెన్లలో పైన చెప్పిన వేడిని 20 డిగ్రీలు తగ్గించండి. ఫారెన్‌హీట్ మీట ఉంటే 150 అంటే సుమారు 300, 200 అంటే సుమారు 400.

మన ఓటీజీల సంగతి వేరు. గది చిన్నది, రాడ్లు దుంపకు మరీ దగ్గర. మధ్య అరలోనే పెట్టాలి, పై రాడ్డూ కింది రాడ్డూ రెండూ వెలిగేలా మీట ఉంచాలి. మీట మీద 200 అని ఉన్నా లోపల 180 ఉండవచ్చు, 220 ఉండవచ్చు. ఓవెన్ లోపల వేలాడదీసే చిన్న థర్మామీటర్ ఒకటి కొంటే ఈ సందేహం తీరుతుంది. 1500 వాట్లు, అంతకు మించిన ఓటీజీని మామూలు ప్లగ్‌లో పెట్టకుండా గీజరుకు, ఏసీకి వాడే 16 ఆంపియర్ల ప్లగ్‌లోనే పెట్టండి. కన్వెక్షన్ మైక్రోవేవ్ ఉన్నవారు కన్వెక్షన్ మోడ్‌లోనే కాల్చాలి. మైక్రోవేవ్ మోడ్‌లో ఉండగా ఫాయిల్, లోహపు ట్రే లోపల పెట్టకూడదు. మామూలు సోలో మైక్రోవేవ్‌తో ఏ పద్ధతీ కుదరదు, అది వేడి చేస్తుందే గాని కాల్చదు.

## మిగిలితే

కాల్చిన దుంప ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు నిలుస్తుంది (చల్లదనం పనికిరానిది పచ్చి దుంపకే). తొక్కతోనే మూతపెట్టిన డబ్బాలో ఉంచి, కావలసినప్పుడు వలవండి. చపాతీ పిండిలో కలపడానికి తడి నారింజ దుంప బాగుంటుంది. అప్పుడు నీళ్లు ముందే పోయకుండా, దుంప కలిపి చూశాకే పోయాలి. బొబ్బట్ల పూర్ణానికి మాత్రం ఫాయిల్‌లో కాల్చిన తెల్ల దుంపే సరి. కుక్కర్‌లో ఉడికినదానిలా నీరు ఉండదు కనుక బెల్లం వేసి పొయ్యి మీద ఎక్కువసేపు తిప్పే పనిలేదు. తీపి ముందే వచ్చి ఉంటుంది కాబట్టి బెల్లం మామూలుగా వేసేదానికంటే మూడో వంతు తగ్గించి, రుచి చూసి కలుపుకోండి.